మూడు వేళ్ళ పసుపు

ఎనబైల చివర్ల సంగతి. బోధన్ దిక్కు ఒక ఊర్ల చిన్నపిల్లల బాలవాడి నడుపుతుండేదాన్ని. చలికాలం పొద్దున మంచుల చెరుకు బండ్లు కనబడకపోయేవి, ఎద్దుల మెడల గంటలే ఇనబడేవి. చక్కెర ఫ్యాక్టరీ దిక్కుకెళ్ళి చెరుకు మడ్డి వాసన తియ్యగ, కొంచెం పులిసినట్టు ఊరంత కమ్ముకునేది. ఆ రోజులు యాదికొస్తే ఇప్పటికీ సగం నిద్రల ఉన్నట్టే ఉంటది నాకు.

పలకలు నాలుగే ఉండె. రంగుపుల్లల డబ్బా ఒకటొస్తే సగం అరిగినయి, సగం పోరగాళ్ళ నోట్లెకు పోయినయి. నాకసలే ముక్కు మీద కోపం. "మీ రంగులు మీరే చేసుకోండ్రి, పొండ్రి" అని కసిరిన. వాళ్ళు నిజంగనే చేసుకొచ్చిండ్రు! ఇటుకపొడి, బొగ్గుపొడి, ఎండుటాకులు నలిపిన పొడి. మోర్తాడ్‌ల ఉండే మా పెద్దమ్మ పసుపు కొమ్ములు పంపితే దంచి నేను సుత ఇచ్చిన.

చాక్‌పీసుతోని నేల మీద చాటంత అక్షరం గీస్తే, మూడు వేళ్ళతోని పొడి పట్టి, గీత దాటకుంట నింపాలె. మా అమ్మ క్రిస్మస్‌కు ఇంటి ముంగట చుక్క ముగ్గేస్తుంటే చూసి నేర్చుకున్న సంగతి ఇది. చిటికెడు పట్టుడు వచ్చిన చేతికి బలపం పట్టుడు దానంతటదే వస్తది. పసుపు రాలుతుంటే ఆ పోరగాళ్ళ మొఖాలు ఎట్లుండేవో! నా కోపమంత అక్కడనే కరిగిపోయేది.

అండ్ల ఒక పిల్ల, ఐదేండ్లది. తల్లి లేదు, అవ్వే సాకుతుండె. బెల్లం వండే కాడ కాగుతున్న పాకం మీద పడి కుడిచెయ్యి కాలింది. వేళ్ళు కట్టెల తీరుగ బిగుసుకపోయినయి. "బలపం పట్టరాని దాన్ని బడికి తోలి ఏం లాభం" అని ఊరంత అనేటోళ్ళే. అవ్వ మాత్రం దినాం ఎత్తుకొచ్చి దింపిపోయేది. పొద్దున్నుంచి మాపటిదాక ఆ పిల్ల పొడి పట్టుకునుడు, జారిపోవుడు, మళ్ళ పట్టుకునుడు. నెల దాటినంక వేళ్ళు కొంచెం కొంచెం వంగినయి. కాని ఎన్నడు గీత లోపల ఆగలే.

ఒకనాడు పొద్దుగాల నేను బాలవాడికి పోతుంటే వాళ్ళ గల్లీల లొల్లి. అవ్వ పక్కింటోళ్ళ బర్రె రెండు దినాలసంది పాలిస్తలేదట. ఆ పొద్దున వాళ్ళ వాకిట్ల పసుపు, ఎరుపు, నలుపు పొడులతోని ఏదో ఏసి ఉన్నది. "బాణామతి! ముసలిదే చేసింది!" అని ఆ ఇంటామె శోకాలు. ఇద్దరు మొగోళ్ళు అవ్వను రెక్క పట్టి బయటికి గుంజుకొచ్చిండ్రు. బాణామతి, చేతబడి చేస్తదని పేరు పడ్డ ముసలిదాన్ని మా దిక్కు ఊర్ల ఉండనియ్యకపోయేది. నోట్ల పండ్లు పీకిన సంగతులు సుత ఇన్న.

వంగి చూసిన. 'అ' అక్షరం! నాకు నవ్వొచ్చింది. గా టైముల నవ్వుడేంది? బుద్ధి ఉండొద్దా నాకు?

"అరె, అది అక్షరమే! నేనే నేర్పిన," అని మొత్తుకున్న. ఆడ చదువొచ్చినోళ్ళు ఒక్కరు లేరు.

"మరి ఎవరేసిండ్రు?" అనడిగింది ఆ ఇంటామె.

అవ్వ చీర చాటునుంచి పిల్ల అన్నది: "నేనే."

"ఆ చేతితోనా? ముసలిది నేర్పిన మాటలు," అన్నడు ఒకడు. "నిజమైతే ఇప్పుడెయ్యి, అందరి ముంగట."

"గీత నేను గీసిస్త" అని ముంగటికి పోయిన.

"నువ్వు ముట్టకు టీచరమ్మా."

నా గీత లేకుంట ఆ పిల్ల ఏసుడు నేనెన్నడు చూడలే. ఏసయ్యా, ఈ ముసలిదాని బతుకు మూడు కాలిన వేళ్ళ మీద పెట్టినవా అని ఏడ్సుకున్న లోపల.

పిల్ల కూసున్నది. లంగ అంచుల మూటకట్టిన పసుపు ఇప్పింది. మంచు ఇంక ఇడువలే. వేళ్ళ నడుమకెళ్ళి పసుపు సన్నగ రాలుతున్నది, వంపు తిరుగుతున్నది, ఆగుతున్నది, మళ్ళ తిరుగుతున్నది. ఎంతసేపైందో నాకు ఎరుక లేదు. పాత 'అ' పక్కన అచ్చం అసోంటిదే ఇంకో 'అ' వచ్చింది.

"వీళ్ళ ఇంటి ముంగట ఎందుకేసినవే?" అనడిగిన.

"గీడ నున్నగ అలికిండ్రు. మా ఇంటి ముంగట అన్ని రాళ్ళే."

మొగోళ్ళు అవ్వ రెక్క ఇడిసిపెట్టిండ్రు. ఒక్కొక్కరు తల దించుకొని జరిగిండ్రు. అయినా ఆ ఇంటామె బిందెడు నీళ్ళు తెచ్చి రెండక్షరాల మీద కుమ్మరించింది. "ఏదైతేంది, మాకొద్దు." అప్పటిదాక ఏడ్వని పిల్ల గొల్లుమన్నది. నాకు ఒళ్ళు మండింది, నోటికొచ్చిన తిట్లన్ని తిట్టబోయిన.

అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. పోయి తన ఇంటి ముంగట కూలబడ్డది. రాళ్ళు ఒక్కొక్కటి ఏరి అవతల పారేసింది. అరచేత్తోని మట్టి సాపు చేసింది.

"రా బిడ్డా, మన ఇంటి ముంగట ఎయ్యి" అన్నది. గల్లీ అంత చూస్తుండగ, ఆ ముసలిది సుత మూడు వేళ్ళు చాపి పసుపు పట్టింది. "గది ఎట్లనో నాకు సుత చూపియ్యి."