అసీర్ మడుగులో పసుపు పొట్ట న్యూట్

2018 మార్చి 11, ఆదివారం ఉదయం ఎనిమిది నలభై. రియాద్‌లో నేను పనిచేసే విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలోకి డ్రైవర్ ఖాజా ఐస్ బాక్సుతో వచ్చాడు. అతనిది కడప.

"అమ్మా, బల్లికీ కప్పకూ నిఖా అయినట్టుండాది, చూడు."

నాలుగు కాళ్లు, చదునైన తోక, పసుపు పొట్ట, పొలుసుల్లేని తడి చర్మం. న్యూట్. తోక ఉన్న ఉభయచరం, చల్లని కొండ అడవుల్లో ఉంటుంది. అరేబియాలో న్యూట్ దొరికినట్టు మా దగ్గర ఒక్క దాఖలా లేదు. ఇదేమో సౌదీ నైరుతిలోని అసీర్ కొండల్లో, జునిపర్ చెట్ల మధ్య మడుగులో దొరికింది.

పరిశోధకురాలు డాక్టర్ హుదా కుర్చీలో కూర్చోలేకపోయింది. "కొత్త జాతైతే ఇదే టైప్ స్పెసిమెన్. ఇప్పుడే సీసాలో భద్రపరచండి."

టైప్ స్పెసిమెన్ అంటే కొత్త జాతి పేరుకు ఆధారంగా దాచే నమూనా. దాచాలంటే చంపాలి.

"డీఎన్‌ఏకి తోక కొస చాలు డాక్టర్. అది మళ్లీ పెరుగుతుంది. ప్రాణం పెరగదు," అన్నాను.

"ఫలితం వచ్చేదాకా ఆగుతాను. ఆ తర్వాత సీసాలోకే."

ఖాజాకు ఆ మడుగు చూపించింది అసీర్‌లోనే, దాని పక్క విల్లాలో తోటపని చేసే జగిత్యాల లింగయ్య. ఫోన్ చేశాం.

"మా కఫీల్ సేటు పిలగాండ్లు గాజుపెట్టెల సాదిన్రమ్మా, రెండు. ఊరికి పోతుంటె పారెయ్యుమన్నరు. పానమున్నదాన్ని ఎట్ల పారేస్త? మడుగుల ఇడిసిన."

"పొట్ట ఏ రంగు?"

"ఎర్రగుండె."

మా దగ్గరున్నదానిది పసుపు. హుదా ముఖం వెలిగింది. నాకేమీ తేలలేదు. తిండి మారితే ఆ రంగు వెలిసిపోవచ్చు.

డీఎన్‌ఏ టర్కీ కొండ అడవుల్లోని, ఇప్పటికే తెలిసిన జాతితో కలిసింది. ఇక దాన్ని చంపే పని తప్పింది. మరి ఏ జాతి ఎక్కడుంటుందో చూపే వ్యాప్తి మ్యాపులో అసీర్ దగ్గర చుక్క పెట్టాలా? "దొరికింది అక్కడే కదా," అంది హుదా. "పుట్టింది అక్కడ కాదు కదా," అన్నాను. చివరికి ప్రశ్నార్థకం పెట్టాం.

మే నెలలో ఖాజా, లింగయ్య మళ్లీ మడుగు దగ్గరికి వెళ్లారు. మడుగులో కప్పలు చచ్చి తేలుతున్నాయి. పెంపుడు న్యూట్లు చర్మానికి పట్టే ఫంగస్‌ను మోసుకురాగలవు. కానీ ఆ ఏడాది నీళ్లూ తగ్గాయి. చచ్చిన కప్పల చర్మానికి చేసిన పరీక్ష ఎటూ చెప్పలేదు.

"బతకాలెననే ఇడిసిన గదమ్మా," అన్నాడు లింగయ్య.

అప్పటినుంచి నా లేబుళ్ల మీద రెండు వరుసలు రాస్తున్నాను: ఎక్కడ దొరికింది, ఎక్కణ్నుంచి వచ్చింది. రెండోది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది.

మా న్యూట్ తోక పెరిగింది. పోయినవి: కప్పలు పందొమ్మిది, హుదా కొత్త జాతి ఒకటి, ఇప్పటికీ దొరకని రెండో న్యూట్.