తమ్ముడి కళ్లూ అమ్మ తప్పూ

పండు మిరపకాయలు కోసుకు రమ్మంటే మా తమ్ముడు సగం పచ్చివే తెచ్చేవాడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ వాడికి తేడా తెలిసేది కాదు. నాయనమ్మ ముందు వాడిని తిట్టి, తర్వాత అమ్మ మీద పడేది. వాడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పూట కదలకుండా పడుకోవాల్సింది పోయి అమ్మ వంకాయలు తరిగిందట, అందుకే వాడి కళ్లు అలా అయ్యాయట. కూలీలు వచ్చే వేళైంది, కూర చెయ్యమని ఆ రోజు తొందరపెట్టింది నాయనమ్మేనని అమ్మ నాతో ఒకే ఒక్కసారి అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం తప్పు తనదేనని నమ్మింది.

ఎనభైల మొదట్లో తమ్ముడు లారీ నడుపుతానని లైసెన్సుకు వెళ్లాడు. రంగులు తెలియడం లేదని డాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఇల్లంతా అమ్మ వైపే చూసింది. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉన్న నేను అది చూడలేక, ఏడో నెల కడుపుతోనే ఇద్దరినీ బస్సెక్కించి పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోయాను.

అక్కడి పెద్ద డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచాడు. మాకు అంకెలు కనిపించిన చోట తమ్ముడికి చుక్కలే కనిపించాయి.

"అమ్మా, మీ నాయనకు గూడ గిట్లనే ఉండెనా?"

అమ్మ తన నాయన మిరపకాయలు కోసే తీరు చెప్పింది. అమ్మ పుట్టినూరు న్యాల్‌కల్‌లో మా తాత ప్రతి మిరపకాయనూ వేళ్లతో నొక్కి, మెత్తగా ఉంటేనే కోసేవాడు. అది ఆయన పనితనమని అందరం మెచ్చుకునేవాళ్లం!

"గదే. మీ నాయన నుంచి మీకొచ్చింది, మీ నుంచి కొడుక్కొచ్చింది. మీకు మాత్రం రంగులన్నీ కనవడ్తయి. గ్రహణం లేదు, ఏం లేదు."

"అయితే నా తప్పు కాదా సార్?" అమ్మ రెండుసార్లు అడిగింది. కాదని ఆయన రెండుసార్లూ ఓపికగా చెప్పాడు. అమ్మ అక్కడే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

నా సంగతి అడిగితే, నాలోనూ ఉండవచ్చు, ఉండకపోవచ్చు, ఉంటే నా కొడుకులకు రావచ్చు అన్నాడు. తిరుగు బస్సులో తమ్ముడు లారీ వద్దులే, అల్లం వేస్తానని లెక్కలు చెబుతున్నాడు. నాకు అవేవీ చెవికెక్కలేదు.

"కొడుకు పుట్టి, వానిక్కూడ గిట్లనే వస్తెనో అమ్మా?"

అమ్మ నా కడుపు మీద చెయ్యి వేసింది.

"వస్తే రానీ బిడ్డా. మా నాయన పోలికొచ్చిందని చెప్పుకుంట."