తార్నాక బలం లేహ్యం

సామేలు యూనివర్సిటీ వృక్షశాస్త్ర శాఖలో అటెండరు. అడవుల నుంచి తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, దళసరి కాగితాల మీద అంటించడం పన్నెండేళ్లుగా అతని పని. ఆలేరు దగ్గరి పల్లెలో పుట్టినవాడు కాబట్టి, లెక్చరర్లకు తెలియని మొక్కల నాటు పేర్లు కూడా అతనికి తెలుసు. నలభై ఒకటో ఏట మెట్రిక్కు కట్టాడు. పాసైతే ల్యాబ్ అసిస్టెంటు కావచ్చు. కానీ పొద్దంతా పనిచేసి ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడేవి.

అప్పట్లో, అంటే అరవై ఏడులో, తార్నాక బస్‌స్టాపు దగ్గర గట్టయ్య అనే అతను గుడ్డ పరిచి బలం లేహ్యం అమ్మేవాడు. పెన్నేరుగడ్డ, నేలతాడి, పల్లేరుకాయ దంచి బెల్లం పాకంలో కలిపానని చెప్పేవాడు. సామేలుకు ఆ మూడూ తెలిసినవే. ధైర్యంగా ఒక సీసా కొన్నాడు.

నాలుగు రోజులకే ఒళ్లు తేలికపడింది. బస్సు కోసం నిలబడబుద్ధి కాక నడిచేవాడు. ఒకసారి మౌలాలి గుట్ట దాకా వెళ్లి, దర్గా మెట్లెక్కి దిగి, ఎందుకొచ్చానో తెలియకుండానే తిరిగొచ్చాడు. లాలాగూడలో పక్కింటి ఉప్పలయ్య రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టేవాడు. నడుం పట్టేస్తోందని అతను మూలుగుతుంటే, సామేలే వెంటబెట్టుకెళ్లి గట్టయ్యను చూపించాడు.

నెల తిరిగేసరికి సామేలుకు కుదురన్నది లేకుండా పోయింది. కూర్చుంటే పిక్కలు అదిరేవి. పాఠం సగంలో లేచి వాకిట్లో తిరిగేవాడు. భార్య రూతమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడుకే ఉలిక్కిపడి, ఆమెను కసురుకునేవాడు. ఒక ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద నిలవలేక ప్రార్థన మధ్యలో బయటికొచ్చేశాడు. ఆ రోజు అతనికే భయం వేసింది. అయినా మానితే పరీక్ష పోతుందని లేహ్యం మానలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ గంట మోగింది. ఆ మోతకు చెయ్యి ఎగిరిపడి, నల్లమల నుంచి తెచ్చిన మొక్క రెండుగా చిరిగింది. లెక్చరర్ కాత్యాయని లేచి వచ్చింది. రాజమండ్రి మనిషి, కోపం తక్కువ.

“చేతులెందుకు అలా వణుకుతున్నాయి సామేలూ? తాగుతున్నావా?”

“అట్లాంటిదేం లేదు మేడం. బలం లేహ్యం తింటున్న, గంతే. కూసుంటె కాళ్లు ఊకుంటలేవు.”

ఆమె సీసా తెప్పించింది. బెల్లాన్ని నీళ్లతో కడిగేసి, మిగిలిన పిప్పిని గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసి పక్కకు జరిగింది.

“నువ్వే చూడు.”

సామేలు కన్ను ఆనించాడు. పట్టుపోగుల్లాంటి సన్నటి నూగు. అది ఏ గింజ మీద ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

“ముష్టి గింజ,” అన్నాడు.

“అవును, విషం. వైద్యులైతే శుద్ధి చేసి రవ్వంత వాడతారు. ఇతను పచ్చిదే నూరి కలిపాడు. ఎక్కువైతే దవడ బిగుసుకుపోతుంది, ఊపిరి ఆగుతుంది. రోజుకెంత తింటున్నావు?”

“ఒక్క చెంచ,” అని ఆగిపోయాడు. ఒకటి చాలడం లేదని ఉప్పలయ్య మూడు తింటున్నాడు.

సెలవు కూడా అడగకుండా బయటపడ్డాడు. తార్నాక మీదుగా లాలాగూడ దాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తాడు. వర్క్‌షాపు గేటు దగ్గర ఉప్పలయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“పొద్దటి సంది బువ్వ నములుడైతలేదన్నా,” అన్నాడు పళ్ల సందుల్లోంచి. “దవడ పట్టేసింది.”

సామేలు అతన్ని రిక్షా ఎక్కించి దవాఖానాకు తీసుకెళ్లాడు. చప్పుడు తగిలితే ఒళ్లంతా బిగుసుకుపోతుందని డాక్టర్లు అతన్ని మూడు రోజులు చీకటి గదిలో ఉంచారు. ఆ మూడు రోజులూ సామేలు వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. నాలుగో రోజు ఉప్పలయ్య నోరు తెరవగలిగాడు.

“నువ్వు జెప్పినవనే తిన్న గద,” అన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలు సామేలుతో మాట్లాడలేదు.

సామేలు నేరుగా గట్టయ్య దగ్గరికి వెళ్లి, ముష్టి గింజ ఎందుకు కలిపావని నిలదీశాడు.

గట్టయ్య బుకాయించలేదు. “ఉత్త పెన్నేరుగడ్డ అయితె గుణం దెల్వనీకి మూడు నెలలు పడతది. గన్నొద్దులు ఎవరాగుతరన్నా? నువ్వు ఆగినవా?”

 సామేలు అతన్ని వదల్లేదు. రోజూ సాయంత్రం గట్టయ్య పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకల్లా జరిగింది చెప్పాడు. కొందరు నవ్వారు. కొందరు విన్నారు. కాత్యాయని అధికారులకు ఉత్తరం రాసింది. ఎవరో విచారణకు వచ్చేలోపే గట్టయ్య గుడ్డ మడుచుకుని మాయమయ్యాడు.

లేహ్యం మానాక సామేలుకు పాత అలసట తిరిగొచ్చింది. ఆ ఏడు పరీక్ష తప్పాడు, మరుసటి ఏడు గట్టెక్కాడు. నిద్ర కుదిరింది గానీ మనసు కుదరలేదు. సెలవు దొరికితే చాలు, జనం గుమిగూడే చోటల్లా గట్టయ్యను వెతుక్కుంటూ తిరిగేవాడు.

సీతాఫల్‌మండి స్టేషన్ బయట ఒకనాడు గట్టయ్య కనిపించాడు, అవే సీసాలతో. ఒక హమాలీ అప్పటికే సీసా మూత తిప్పుతున్నాడు. సామేలు జనాన్ని తోసుకుంటూ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు తమ్మీ. జర నా మాట ఇన్నంక తిను.”