మేరువు మీది సోమవారం

కార్తిక సోమవారాన నక్షత్రదర్శనం అయ్యేదాకా మెతుకు ముట్టకపోవడం మా అక్కయ్య వ్రతం. అద్దంకి దగ్గరి చేలో, పత్తి తీతల ఎండలో నిలబడిన ఏళ్లలోనూ అది తప్పలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని తెలుగువారు నన్ను పద్యపఠనానికి ఆహ్వానించి, తోడుగా ఆమెకూ టిక్కెట్టు పంపారు. దుబాయిలో విమానం మారవలసిన రోజు సరిగ్గా కార్తిక సోమవారమైంది.

ఆమె కొడుకు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరులో ఫిజిక్సు చెబుతాడు. సంగతి విని పగలబడి నవ్వాడు.

“పొద్దున ఎక్కుతారు, అక్కడ మధ్యాహ్నం దిగుతారు. పదమూడు వేల కిలోమీటర్లు, పదహారు గంటలు, అంతా సూర్యుడి వెంటే. చుక్కలెక్కడివి మామయ్యా? అమ్మకి కళ్లు తిరిగితే కనపడాలంతే!”

“నువ్వు నోర్ముయ్‌రా,” అని అక్కయ్య నావైపు తిరిగింది. “ఏరా పండితుడా, నువ్వు చెప్పు. చుక్క కనపడుద్దా? కనపడకపోతే నేను రాను.”

గ్లోబు మీద దుబాయికీ శాన్‌ఫ్రాన్సిస్కోకూ నడుమ దారం బిగించి చూశాను. అది పడమటికి పోలేదు. ఉత్తరానికి ఎగబాకి, ధ్రువం చెంతగా సాగి, ఆవలి వైపుకు దిగింది. ధ్రువమంటే మన పూర్వులు చెప్పిన మేరువే. ఉత్తరాయణం అక్కడి దేవతలకు పగలు, దక్షిణాయనం రాత్రి. బాల్యంలో గురువుగారి ఎదుట వల్లించిన మాట! కార్తికం దక్షిణాయనంలోనిదే కదా.

“చూపిస్తానక్కయ్యా,” అన్నాను.

మాటైతే ఇచ్చాను గాని, దుబాయిలో విమానం లేచినది మొదలు కిటికీ మీదనుంచి చూపు తిప్పలేదు. భోజనం తెచ్చిన అమ్మాయిని అక్కయ్య చేతితోనే వారించింది. గంటలు గడిచేకొద్దీ ఆమె మొహం వాడిపోయింది. కిటికీలో ఎండ మాత్రం వాడలేదు.

“ఏదిరా నీ మేరువు?”

అంతలోనే రెక్క మీది వెలుగు ఎర్రబడింది. క్రింది మంచు నీలమై, నలుపులో కలిసిపోయింది. అద్దానికి అరచేతులు అడ్డుపెట్టి చూశాను. ఒకటి కాదు, ఆకాశం నిండా నక్షత్రాలే! గురువుగారి వాక్యం కన్నుల ఎదుట వెలుగుతున్నది. అక్కయ్య కిటికీకి నమస్కరించి, డబ్బాలోంచి చలిమిడి తీసి నోట వేసుకున్నది.

“నీ చదువు ఇన్నాళ్లకి నా కడుపు నింపిందిరా!”

ఒక కునుకు తీసి లేచేసరికి కిటికీలో మళ్లీ సూర్యోదయం.

“ఇదేంట్రా, మళ్లీ తెల్లారింది? ఇవాళ ఏ వారం?”

“ఇక్కడ ఇప్పుడే సోమవారం తెల్లవారుతోంది, అక్కయ్యా.”

ఆమె డబ్బా మూత బిగించింది. విమానం దిగినా, ఆతిథేయులు ఎంత బ్రతిమాలినా మెతుకు ముట్టలేదు. సాయంకాలం వాళ్ల పెరట్లో తొలి చుక్కను చూసి, ముందు కొడుక్కి ఫోను కలపమన్నది.

“ఒరేయ్, ఒక్క సోమవారంలో రెండు ఉపవాసాలు చేశా! క్లాసులో మీ పిల్లలకి చెప్పు.”