ఎర్ర కారు, పెద్ద బండి

మా ఇంట్లో బయటికి వెళ్ళే మగాణ్ణి ‘ఎక్కడికి’ అని అడగరు. వేటకెళ్ళే వాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ అంతే. అడిగితే సముద్రం చేపలివ్వదని కొందరు, మనిషినే తిరిగి ఇవ్వదని కొందరు అంటారు. ఎవరైనా నోరు జారి అడిగేస్తే, వెళ్ళేవాడు వెనక్కొచ్చి కూర్చుని, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే నాకు ఇదంతా పాత చింతకాయ పచ్చడే. అయినా నేనూ ఎప్పుడూ అడగలేదు.

అమ్మానాన్నా పోయాక నేను అక్క దగ్గరే ఉండిపోయాను. అక్క, బావ, చెల్లెల్ని నేను. వాళ్ళకి పిల్లల్లేరు. బావ బోటు మీద వేటకెళ్ళేవాడు, అక్క చేపలమ్మేది. మా వాళ్ళలో చేప ఒడ్డెక్కాక అది ఆడదాని సొత్తు. తెల్లారగట్ల బోటు హార్బరుకి రాగానే అక్క గంప ఎత్తుకుని గాజువాక పరుగెత్తేది. షేర్ ఆటోవాళ్ళు గంప చూస్తే ఆపరు. ఆపినా, నీళ్ళు కారుతున్నాయని దారంతా సణుగుతారు. ఆవిడ తిరిగొచ్చేసరికి బావ నిద్రలోనో, మళ్ళీ సముద్రం మీదో ఉండేవాడు. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోగా నేను చూసింది పెళ్ళి ఫొటోలోనే.

ఒకసారి బోటు మీద తాడు లాగుతూ బావ భుజం పాడుచేసుకున్నాడు. ఇక వేట వద్దన్నాడు డాక్టరు. బోటులో తన వాటా అమ్మేసి, ఏదైనా బండి కొందామన్నాడు బావ. కుర్రతనంలో పోర్టులో లారీ తోలిన మనిషి, చెయ్యి తిరిగినవాడే.

ఒక ఆదివారం ముగ్గురం గాజువాకలో పాత కార్లమ్మే చోటికి వెళ్ళాం. అక్కడ రెండు బండ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నాలుగు తలుపుల పెద్ద పికప్పు, వెనక చేపల ట్రేలు పేర్చుకోవడానికి ఇంత తొట్టి. రెండోది రెండే తలుపులున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎవరో డబ్బున్న కుర్రాడు మోజు తీరి వదిలేశాడట. మన స్పీడు బ్రేకర్ల మీద దాని కడుపు గీసుకుపోతుందని ఎవరూ కొనడం లేదు. వెనక సీటు పేరుకే, పిల్లి కూడా పట్టదు.

బావ ఆ ఎర్ర కారు చుట్టూ తిరిగాడు. భుజమ్మీది తువ్వాలు తీసి దాని బానెట్ తుడిచాడు. అక్క చీర సర్దుకుని లోపల కూర్చుని, “నూతిలో కూకున్నట్టుందే!” అని పకపకా నవ్వింది. ఇంజను స్టార్టు చేసి చూస్తానంటూ బావ కూడా అటువైపు నుంచి ఎక్కాడు. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి.

“ఏటి బావా, పెళ్ళికొడుకులా కూకున్నావు?” అన్నాను నేను.

బావ సిగ్గుపడి గబుక్కున దిగిపోయాడు. దిగి, పికప్పు తొట్టిలోకి తొంగిచూసి, “ఇందుల సేపలు బాగా పడతాయి గదేటి” అన్నాడు. అక్క “ఊఁ” అంది. ముగ్గురం బస్సెక్కి ఇంటికొచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే బావ తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాడు. బండి కొనడానికే అని తెలుసు. ఏ బండో తెలీదు. అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఏదో అనబోయి ఊరుకుంది.

సాయంత్రానికి పికప్పు వచ్చింది. దండ వేశాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం. వీధి వీధంతా వచ్చింది. అక్క కూడా నవ్వింది.

ఆ రోజు నుంచీ ఆ బండి మాది కాదు, వీధిది. చేపలమ్మే ఆడవాళ్ళందరూ గంపలు వెనక పడేసి సీట్లలో ఎక్కేవారు. కాదంటే బాగుండదు. పక్కింటి పిన్నికి వెనక సీట్లో కూర్చుంటే వాంతులు. అందుకని బావ పక్కన ముందు సీటు ఆవిడదైపోయింది. అక్క వెనకాల ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునేది. గాజువాక వెళ్ళినా అంతే, తగరపువలస వెళ్ళినా అంతే. వ్యాపారం మాత్రం బాగా పుంజుకుంది.

తర్వాత అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకుని ఒకరోజు నాతో అంది.

“నాకా ఎర్ర కారు మీదే ఉండేదే మనసు.”

నేను తెల్లబోయాను. “సేపలెక్కడ పెడతావే అందుల?”

“సేపలకి కాదే. అందుల ఇద్దరే పడతారు. మూడో మనిసి ఎక్కడానికుండదు.”

“మరి సెప్పలేదేటి?”

“నా కట్టం సూసి ఆ పెద్ద బండి కొంటన్నాడనుకున్నాను. వద్దంటే మనసు నొచ్చుకుంటాడు. తెల్లారేక ఉండబట్టలేక గుమ్మంలోకొచ్చాను. ఎల్లే మనిసిని ఎలా అడుగుతాను?” అంది. నా చెయ్యి పట్టుకుని, “మీ బావకి సెప్పకు. ఇప్పుడు బండి అమ్మేత్తానంటాడు” అంది.

ఆ వానాకాలం దాటకుండానే అక్క వెళ్ళిపోయింది. ఇల్లు బావురుమంది. ఆవిడ గంప వంటింటి మూలనే ఉంది. దాన్ని కదపడానికి నాకూ చేతులు రాలేదు, బావకీ రాలేదు.

దినాలయ్యాక ఒక సాయంత్రం బావ గొట్టం పెట్టి బండి కడుగుతూ, “నాకిదెప్పుడూ నచ్చలేదే” అన్నాడు. “ఆ ఎర్ర కారు కొని మీ అక్కని ఎక్కించుకుని బీమిలి రోడ్డంట ఎల్దావనుకున్నాను. నూతిలో కూకున్నట్టుందని నవ్వింది గదా. ఇట్టం లేదనుకున్నాను. ఆ పొద్దు గుమ్మంలో నిలబడింది. ఏదైనా అంటాదేమోనని సెప్పులు నెమ్మదిగా తొడుక్కున్నాను.”

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇద్దరి మీదా వచ్చింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. అక్క అన్న మాటలన్నీ చెప్పేశాను. బావ గొట్టం వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు. నీళ్ళు వీధిలోకి పారుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న పిన్ని గంపతో వచ్చి బండి దగ్గర నిలబడింది. బావ చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను, అక్క నిలబడ్డ చోటే. నోరు ఆగలేదు.

“ఎక్కడికెల్తన్నావు బావా?”

“ఎల్లేవోడ్ని అలా అడుగుతావేటే, నీ నోరు పడ!” అని కేకేసింది పిన్ని.

బావ నా వైపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేను గ్లాసుతో మంచినీళ్ళిచ్చాను. మెల్లగా తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

“అడిగితే ఇంతేనేటే?” అన్నాడు.

“ఇంతే బావా” అన్నాను.