ముక్క తీసినంక మందు మారుతదా?

1998 ఆగస్టులో లింగంపల్లి బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. మాదాపూర్ గుట్టల దగ్గర కంకర కొట్టే మనిషి, చీరంతా రాతిపిండి. ఆమె కిటికీలోంచి మూడుసార్లు ఉమ్మింది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

నా ఒళ్లో ఎక్స్‌రే కవరు చూసి, "దమ్ము బీమారా, పెద్దమ్మా?" అంది.

ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయనీ, డాక్టరు పక్కటెముకల మధ్య కోసి ముక్క తీసి పరీక్షిస్తామన్నారనీ, శుక్రవారంలోగా ఒప్పుకోవాలనీ ముక్తసరిగా చెప్పాను.

"మా ఆయనకు గట్లనే తీసిండ్రు. రాయి దుమ్మన్నరు. అది మాకెరుకలేదా? ఇరవై దినాలు మంచంల పండిండు, గోలీలేమో పాతవే ఇచ్చిండ్రు. నువ్వు ముందుగాల్నే అడుగు, ముక్క తీసినంక మందు మారుతదా అని."

శుక్రవారం డాక్టరును అదే అడిగాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "మీ వయసుకి ఎలాగూ ఇప్పుడు వాడుతున్న మాత్రలేనండి. కాకపోతే జబ్బు పేరు కచ్చితంగా తెలుస్తుంది."

పేరు కోసం నన్ను కోస్తారా అని ఒళ్లు మండింది. సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను.

బస్సులో కలిసిన రోజు దిగేటప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దించింది. నేను ఇంటికి రాగానే ఆ చేతిని సబ్బుతో మూడుసార్లు కడిగాను. తలుచుకుంటే నా మీద నాకే రోత.