బోధన్‌లో ఒక పూట ఇంగ్లీష్ మాట్లాడి వచ్చాను

నా తమ్ముడి కూతురు స్వప్న బోధన్ బస్టాండ్ దగ్గర ఒక మేడ మీది గదిలో ఇంగ్లీష్ మాట్లాడటం నేర్పుతుంది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు డిగ్రీ, నర్సింగ్ చదివినవాళ్లే. రాయమంటే రాస్తారు, చదవమంటే చదువుతారు, ఎదురుగా మనిషి కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. ఒక్క పూట వచ్చి వాళ్లతో మాట్లాడి పొమ్మని నెల రోజులుగా ఫోన్ చేస్తోంది. నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే. గల్ఫ్‌లో ఇరవై రెండేళ్లు బండి తోలుతూ నేర్చుకున్న ఇంగ్లీష్ తప్ప నాకు వేరే రాదు. అసలు తెలుగులోనే నాలుగు మాటలు మాట్లాడేవాణ్ని కాదు. అదే చెప్పాను. "మాట్లాడేటోళ్లు మస్తుమంది ఉన్నరు పెద్దబాపు, ఇనేటోళ్లే లేరు. నువ్వు రా" అంది. నాలాగే తిరిగొచ్చి ఇంటి పట్టున ఉంటున్నవాళ్లను ఎవరైనా ఇట్లా పిలిస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా ఊరు వేల్పూర్‌లో పొద్దున ఆరున్నరకు షేర్ ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఆర్మూర్ చేరతాం. ఇరవై రూపాయలు. పసుపు ఉడకబెట్టే రోజులు, దారి పొడుగునా అదే వాసన. ఇంత పొద్దున ఎక్కడికని ఆటో అతను అడిగాడు. ఇంగ్లీష్ నేర్పడానికని చెప్పడానికి సిగ్గేసి, బోధన్‌లో పని ఉందన్నాను. "దవాఖాన పనా తాతా?" అన్నాడు. ఊ అన్నాను. నా వయసువాడికి ఇంకేం పని ఉంటుంది.

ఆర్మూర్ నుంచి నిజామాబాద్‌కు బస్సులు వెంటవెంట ఉంటాయి కానీ ఆ వేళకు కాలేజీ పిల్లలతో నిండిపోతాయి. ముప్పావు గంట నిలబడే వెళ్లాను. మోకాళ్లు అప్పుడే వద్దన్నాయి. బస్టాండ్ బయట రెండు ఇడ్లీ తిని, చాయ్ తాగి, తొమ్మిదింటికి బోధన్ బస్సు ఎక్కితే సీటు దొరికింది. గంట ప్రయాణం. ఒకప్పుడు ఈ దారిలో రెండు పక్కలా చెరుకే ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలా మట్టుకు వరి అయింది. చూస్తూ చూస్తూ కునుకు తీశాను. స్వప్న గదికి బస్టాండ్ నుంచి నడక ఐదు నిమిషాలే, మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. మధ్యలో ఒకసారి ఆగాను.

గదిలో పదకొండు మంది ఉన్నారు. నేను ఒక్కొక్కరినీ ఇంగ్లీష్‌లో ఏదో ఒకటి అడిగాను. బట్టీ పట్టిన జవాబు ఉంటే గడగడా చెప్పారు. లేకపోతే నవ్వి "యెస్ సర్" అన్నారు. రజియా అనే నర్సమ్మాయి అందరికంటే బాగా చదువుతుందట. మధ్యాహ్నం రెండింటికి ఆమెకు విదేశీ ఆసుపత్రి ఉద్యోగానికి వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఉంది. పది నెలలుగా ఎదురుచూసి, అది వచ్చినట్టేనని ఏజెంటు చెబితే, బోధన్‌లో చేస్తున్న పని కూడా మానేసిందని స్వప్న చెప్పింది. గల్ఫ్‌లో మా మేస్త్రీ మాట్లాడినట్టు వేగంగా, రేపు మీ ఇల్లు కూలగొట్టమంటావా అని ఆ అమ్మాయిని అడిగాను. "యెస్ సర్" అంది. అందరూ నవ్వారు. ఆమె తల దించుకుంది. నాకు బాధేసింది.

సమజ్ కాకపోతే మళ్లీ అడగవచ్చు కదా అన్నాను.

"పెద్దోళ్లను మల్ల మల్ల అడుగుడు మంచిగుండది కదా చాచా" అంది.

మా ఇళ్లలో అందరికీ నేర్పేది అదే. నాకూ అదే నేర్పారు. గల్ఫ్‌లో దిగిన మొదటి వారం మేస్త్రీ ఏదో అడిగితే యెస్ అన్నాను. పద్నాలుగు నెలలు ఎడారి క్యాంపులో నీళ్ల ట్యాంకర్ తోలాను. ఆయన అడిగిందేమిటో అక్కడికి పోయాకే తెలిసింది. ఇది వాళ్లకు చెప్పాను. తర్వాత రెండు గంటలూ ఒకటే పని చేశాం. నేను ఏదడిగినా "ప్లీజ్ సే ఎగైన్" అని నాతో మళ్లీ చెప్పించాకే జవాబివ్వాలి. మొదట ఎవరికీ నోరు రాలేదు. స్వప్న ఆగలేక జవాబు అందించబోతే వద్దని సైగ చేశాను. ఊరకే కూర్చోవడం నాకు చేతనైన పని. పది లెక్కపెట్టేలోపు ఎవరో ఒకరు నోరు విప్పేవారు.

ఒంటిగంటన్నర బస్సుకు వెళ్లిపోదామనుకున్నాను. "జర సేపు కూసోండ్రి చాచా" అని రజియా అంటే బెంచీ మీద కూలబడ్డాను. రెండింటికి ఆమె ఫోన్‌లో వచ్చినాయన ఇంగ్లీష్‌లో చాలా వేగంగా మాట్లాడాడు. రజియా మళ్లీ చెప్పమంది. మూడోసారి ఆయన గొంతు పెంచాడు, కానీ నిదానంగా చెప్పాడు. అప్పుడు నాకూ అర్థమైంది. ఉద్యోగం ఆసుపత్రిలో కాదు. ఒకరి ఇంట్లో ముసలివాళ్లను రాత్రింబవళ్లు చూసుకోవాలి, పాస్‌పోర్టు ఇంటి యజమాని దగ్గరే ఉంటుంది. స్వప్న జవాబు అందించబోయి తనే ఆగిపోయింది. తర్వాత రజియా, సారీ సర్, నేను రాను అని చక్కటి ఇంగ్లీష్‌లో చెప్పింది. ఫోన్ కట్టయింది.

"నిన్నటిదాంక అయితే యెస్ అంటుంటి" అంది నాతో. బుర్ఖా సర్దుకుని సంచీ తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "మా అమ్మీ పొద్దుగాలనే నౌకరొచ్చిందని గల్లీ అంత చెప్పుకున్నది. ఇంటికి పోయి ఏం చెప్పాలె చాచా?"

నేను లోపల పది లెక్కపెట్టుకుంటూ బెంచీ మీది నుంచి లేచాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

నాలుగింటి బస్సులో ఇదే ఆలోచిస్తూ వచ్చాను. నేను చేసింది మంచేనని తెలుసు. అయినా ఎవరి పనో చెడగొట్టి వస్తున్నట్టే ఉంది, ఒళ్లు కూడా అలాగే బరువుగా ఉంది. మీరూ ఇట్లాంటి వాళ్లతో మాట్లాడటానికి వెళితే పాఠమేమీ తయారు చేసుకోనక్కర్లేదు, అడిగి ఊరుకుంటే చాలు. కానీ ఇంటర్వ్యూ ఉన్న రోజున వెళ్లకండి, కనీసం వారం ముందు వెళ్లండి. పరాయివాళ్లకు వద్దని చెప్పడం ఒక పూటలో వస్తుంది. అదే మాట ఇంట్లో చెప్పడానికి వాళ్లకు కొన్ని రోజులు కావాలి.